మూకుడులో నూనె: వేడికి ఏది ఎంతవరకు నిలుస్తుంది

వాడుకలో నూనె మరుగుతోందని అంటుంటారు గానీ, వంటింటి పొయ్యి మీద ఏ నూనే మరగదు. నీరు 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరిగి ఆవిరవుతుంది. నూనె ఆ స్థితికి చేరకముందే లోలోపల విడిపోయి, పొగ చిమ్మి, ఇంకా కాగితే అంటుకుంటుంది. మూకుడులో సకినం వేయగానే దాని చుట్టూ లేచే బుడగలు పిండిలోని తేమ ఆవిరై బయటికి తోసుకువచ్చినందువల్ల పుట్టినవే; ఆ తేమ తగ్గేకొద్దీ బుడగలు అణగి, చప్పుడు సన్నగిల్లి, సకినం తీయవలసిన వేళ అయిందని తెలుస్తుంది. కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి, సిరిసిల్ల ప్రాంతాల్లో సంక్రాంతి అప్పాలు చేసే స్త్రీలు థర్మామీటరు లేకుండానే ఆ చప్పుడును చెవితో, ఆ బుడగలను కంటితో పట్టుకుంటారు. ఈ అనుభవజ్ఞానం ఎంతో విలువైనది. అయితే అదే ఇళ్లలో పండుగ తరువాత మూకుడులో మిగిలిన నల్లటి నూనెను డబ్బాలో పోసి నెలల తరబడి వాడే అలవాటు కూడా ఉంది. మొదటిదాన్ని నిలుపుకొని రెండోదాన్ని వదులుకోవాలంటే వేడిలో నూనెకు ఏం జరుగుతుందో కొంత లోతుగా తెలుసుకోవాలి.

నూనె, నెయ్యి, వనస్పతి అన్నీ రసాయనశాస్త్రం దృష్టిలో ఒకే కుటుంబానికి చెందినవి. గ్లిజరాల్ అనే చిన్న పదార్థానికి మూడు కొవ్వు ఆమ్లాలు అతుక్కుని ఉండే నిర్మాణాన్ని ట్రైగ్లిజరైడ్ అంటారు. మంచి నూనెలో దాదాపు అంతా ఇదే. ఆ కొవ్వు ఆమ్లాల గొలుసులో జంట బంధాలు లేకపోతే దాన్ని సంతృప్త కొవ్వు అనీ, ఒక్కటే ఉంటే ఏక అసంతృప్త కొవ్వు అనీ, రెండు గాని అంతకన్నా ఎక్కువ గాని ఉంటే బహుళ అసంతృప్త కొవ్వు అనీ పిలుస్తారు. గాలిలోని ఆక్సిజన్ పట్టుకునేది ప్రధానంగా ఈ జంట బంధాల పరిసరాలనే కాబట్టి, అవి ఎన్ని ఎక్కువ ఉంటే నూనె వేడిలో అంత త్వరగా చెడుతుంది. పల్లీ నూనెలో ఎక్కువగా ఉండే ఒలేయిక్ ఆమ్లానికి ఒక్క జంట బంధమే ఉండగా, పొద్దుతిరుగుడు నూనెలో ఎక్కువగా ఉండే లినోలేయిక్ ఆమ్లానికి రెండు ఉంటాయి. ఈ ఒక్క బంధం తేడా వల్ల రెండోది మొదటిదానికన్నా పది రెట్ల వరకు వేగంగా ఆక్సిజన్‌తో కలుస్తుంది.

మూకుడులో నూనె మీద ఒకేసారి మూడు దాడులు జరుగుతాయి. మొదటిది నీటి వల్ల వచ్చేది: పచ్చి పిండి, కూరగాయ ముక్క, మిర్చీలకు పూసే శనగపిండి జారు వదిలే ఆవిరి, ట్రైగ్లిజరైడ్‌ను విడగొట్టి కొవ్వు ఆమ్లాలను విడిగా వదిలిపెడుతుంది, దీన్ని జలవిశ్లేషణ అంటారు. రెండోది గాలి వల్ల వచ్చే ఆక్సీకరణ. ముక్క వాసన, నాలుకకు తగిలే చేదు, పాత అప్పాల నూనె కంపు దీని ఫలితాలే. మూడోది పాలిమరీకరణ, అంటే విడివిడిగా ఉన్న కొవ్వు అణువులు వేడికి ఒకదానికొకటి అతుక్కుని పెద్ద పెద్ద ముద్దలవడం. మూకుడు అంచున ఎంత తోమినా వదలని జిగట పొర, చాలాసార్లు కాగిన నూనె చిక్కబడి గంటె నుంచి నెమ్మదిగా కారడం, పైన తేలిన నురగ తొందరగా అణగకపోవడం ఈ మూడో మార్పుకు కంటికి కనిపించే ఆనవాళ్లు. ఇనుప పెనానికి నూనె రాసి కాల్చినప్పుడు ఏర్పడే నల్లటి నున్నని పూత కూడా ఇదే చర్యతో పుట్టినది. పెనం మీద అది మేలు చేస్తుంది, తినే నూనెలో పేరుకుంటే కీడు చేస్తుంది.

ఈ మూడింటినీ మనసులో ఉంచుకుంటే నూనె పొగ విషయం సులువుగా బోధపడుతుంది. ఏ నూనైనా ఒక ఉష్ణోగ్రత దాటాక ఎడతెగకుండా సన్నని నీలిరంగు పొగ చిమ్మడం మొదలుపెడుతుంది. ఆ ఉష్ణోగ్రతను స్మోక్ పాయింట్, అంటే పొగ అంకె అంటారు. కళ్లను మండించే, గొంతును గీరే ఆ పొగలో గ్లిజరాల్ నుంచి పుట్టే అక్రోలిన్ అనే పదార్థం ఉంటుంది. ఎండుమిరపకాయ పోపులో మాడినప్పుడు వచ్చే దగ్గు వేరు, ఇది వేరు. మిరపకాయ వేయకుండానే కళ్లు మండుతున్నాయంటే నూనే కాలుతున్నదని గ్రహించి మంట తగ్గించాలి. శుద్ధి చేసిన పల్లీ, పొద్దుతిరుగుడు, సోయా, పామాయిల్ నూనెలు దాదాపు 230 డిగ్రీల దగ్గర, గానుగ పట్టిన పల్లీ నూనె దాదాపు 160 దగ్గర, గానుగ నువ్వుల నూనె 175 ప్రాంతంలో, బాగా కాచి వడగట్టిన నెయ్యి 250 దగ్గర పొగ వదులుతాయని సాధారణంగా చెబుతారు. గింజల నాణ్యతను బట్టి, నూనె వయసును బట్టి ఈ అంకెలు పెరుగుతూ తరుగుతూ ఉంటాయి. జలవిశ్లేషణలో విడిపడిన కొవ్వు ఆమ్లాలు ఎంత పెరిగితే పొగ వచ్చే ఉష్ణోగ్రత అంత కిందికి జారుతుంది. మొదటిరోజు 230 దగ్గర పొగ వచ్చిన నూనె, నాలుగోసారి కాచేసరికి అంతకన్నా చాలా ముందే పొగ వదలడానికి కారణం ఇదే.

పొగ అంకె ఎక్కువగా ఉన్న నూనె వేడికి ఎక్కువ నిలుస్తుందనే నమ్మకం బజారులో గట్టిగా పాతుకుపోయింది. ఇది సగమే నిజం. 2018లో ఆస్ట్రేలియా పరిశోధకులు వంటకు వాడే పది రకాల నూనెలను ఒక పరీక్షలో 240 డిగ్రీల దాకా కాచి, మరో పరీక్షలో 180 డిగ్రీల దగ్గర ఆరు గంటలు ఉంచి చూసినప్పుడు, పొగ అంకెను బట్టి నూనె ఎంత చెడుతుందో చెప్పలేమని తేలింది. పొగ అంకె తక్కువగా ఉన్న ఆలివ్ నూనె, అంకె ఎక్కువగా ఉన్న కొన్ని శుద్ధి నూనెలకన్నా తక్కువ చెడింది. శుద్ధి చేయడంలో విడి కొవ్వు ఆమ్లాలు, జిగురు పదార్థాలు పోతాయి కాబట్టి పొగ ఆలస్యంగా వస్తుంది. కానీ జంట బంధాల సంఖ్య మారదు, పైగా నూనెను కాపాడే సహజ ఆక్సీకరణ నిరోధకాలు కొంత నష్టమవుతాయి. పొగ రాలేదు గనుక నూనె బాగుందని అనుకోవడం ఈ కారణంగా పొరపాటు.

ఇక ఈ ప్రాంతపు గింజల వైపు చూస్తే, కరీంనగర్, ఆదిలాబాద్ ఉమ్మడి జిల్లాల నేలలు నూనెగింజల వైవిధ్యానికి పెట్టింది పేరు. జగిత్యాల పక్కనే పొలాసలో ఉన్న ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం శ్వేతతిల్, జగిత్యాల తిల్-1 వంటి నువ్వు రకాలను రైతులకు అందించింది. శ్రీరాంసాగర్ కాలువల కింద వేసవిలో నువ్వులు వేసే రైతులకు ఇవి బాగా తెలిసిన పేర్లు. నువ్వుల నూనెలో ఒలేయిక్, లినోలేయిక్ ఆమ్లాలు దాదాపు సమానంగా, చెరో 40 శాతానికి అటూ ఇటూగా ఉంటాయి; లినోలేయిక్ వాటాను మాత్రమే చూస్తే ఈ నూనె త్వరగా చెడిపోవాలి. అయినా అది నిలుస్తుంది. అందులోని సెసమోలిన్ అనే పదార్థం వేడికి విడిపోయి సెసమాల్ అనే బలమైన ఆక్సీకరణ నిరోధకంగా మారడమే దీనికి ముఖ్య కారణం. వేడి తగిలాక రక్షణ పదార్థం తయారవడం నూనెలలో అరుదు. ఆదిలాబాద్ గోండుల్లో నువ్వుల నూనెకు వంటింటిని మించిన గౌరవం ఉంది: నార్నూర్ ఖాందేవ్ జాతరలో తొడసం వంశపు ఆడపడుచు ఇళ్లలో తీసిన నువ్వుల నూనెను మొక్కుగా తాగడం ఏటా పుష్యమాసంలో జరిగే ఆచారం.

పల్లీ నూనెది నడిమి మార్గం. ఒలేయిక్ ఆమ్లం సగానికి దగ్గరగా, లినోలేయిక్ ఆమ్లం 30 శాతం ప్రాంతంలో ఉండడం వల్ల మూకుడు వంటకు అది మొదటినుంచీ నప్పింది. హైదరాబాద్ దగ్గరి పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు జునాగఢ్ వేరుశనగ పరిశోధన సంస్థతో కలిసి రూపొందించి, 2020లో విడుదలైన గిర్నార్-4, గిర్నార్-5 రకాల్లో ఒలేయిక్ ఆమ్లం 80 శాతం దాకా ఉంటుంది. ఇటువంటి గింజల నూనె వేపుడుకు మరింత ఎక్కువసేపు నిలుస్తుంది, అప్పాలు కూడా ఆలస్యంగా ముక్కిపోతాయి. గానుగ పల్లీ నూనె వాడేవారు రెండు సంగతులు గమనించాలి. అందులో జిగురు పదార్థాలు మిగిలి ఉండడం వల్ల మొదటిసారి కాచినప్పుడు నురగ ఎక్కువగా వచ్చి పొంగుతుంది కాబట్టి మూకుడును సగానికి మించి నింపకూడదు. అడుగున దిగిన మడ్డిని కలపకుండా పైనూనెనే వంచుకోవాలి, ఎందుకంటే ఆ మడ్డే ముందుగా మాడి నూనెను నల్లబరుస్తుంది. బూజు పట్టిన పల్లీలను ఎంత చవకగా దొరికినా గానుగకు ఇవ్వకూడదు. బూజులో పుట్టే అఫ్లాటాక్సిన్ అనే విషం గానుగ నూనెలోకి కొంత చేరుతుంది, వంట వేడికి అది పూర్తిగా పోదు.

ఆదిలాబాద్ నల్లరేగడి పొలాల్లో పత్తి, సోయా విస్తారంగా పండుతాయి. పత్తిగింజల నూనెను గాసిపాల్ అనే హానికర పదార్థం పోయేలా శుద్ధి చేశాకే తినాలి. గానుగ పట్టి నేరుగా వాడదగిన నూనె అది కాదు. సోయా నూనెలో మూడు జంట బంధాలున్న లినోలెనిక్ ఆమ్లం దాదాపు 7 శాతం ఉండడం వల్ల పలుమార్లు కాచితే చేపల వాసనను పోలిన ఒక వాసన పుడుతుంది. లినోలేయిక్ ఆమ్లం మూడు వంతులున్న కుసుమ నూనె కూరకు, పోపుకు హాయిగా పనికొస్తుంది గాని గంటల తరబడి కాచే వేపుడుకు అది సరైన నూనె కాదు. 60 శాతం ఆ ఆమ్లం ఉండే పొద్దుతిరుగుడు నూనెకూ ఇదే మాట వర్తిస్తుంది. నేడు ఎక్కువ ఇళ్లలో వేపుడుకు వాడేది అదే కాబట్టి ఈ సంగతి మరీ గట్టిగా చెప్పవలసి వస్తోంది.

ఇప్ప నూనెను గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఎండాకాలంలో పూత రాలిపోయాక వానలు మొదలయ్యే రోజుల్లో ఇప్పచెట్ల కింద రాలే కాయల గింజల నుంచి ఉట్నూరు, ఇంద్రవెల్లి, జైనూరు ప్రాంతాల గోండు, కోలాం కుటుంబాలు తరతరాలుగా నూనె తీసుకుంటూ వచ్చాయి. గిరిజన సహకార సంస్థ కొనే అటవీ ఉత్పత్తుల్లో ఈ గింజలు కూడా ఒకటి. ఇప్ప నూనెలో సంతృప్త కొవ్వు 45 శాతం దాకా ఉంటుంది, తక్కినదానిలో ఎక్కువ భాగం ఒలేయిక్ ఆమ్లమే. ఆదిలాబాద్ చలికి అది వెన్నలా గడ్డకట్టడానికి, మూకుడులో త్వరగా చెడకపోవడానికి కారణం ఒక్కటే: జంట బంధాలు తక్కువ. దీన్ని వెనుకబాటుతనపు నూనెగా చూసి పొద్దుతిరుగుడు ప్యాకెట్‌కు మారినవారు వేడికి నిలిచే గుణం విషయంలో నష్టపోయారనే చెప్పాలి. అయితే వేడికి నిలవడం, గుండెకు మేలు చేయడం ఒకటి కావు. సంతృప్త కొవ్వు ఎక్కువైతే రక్తంలో చెడు కొలెస్ట్రాల్ పెరుగుతుంది కాబట్టి ఇప్ప నూనెను గాని, సగం దాకా సంతృప్త కొవ్వుండే పామాయిల్‌ను గాని వాడేవారు పరిమాణాన్ని అదుపులో ఉంచుకోవాలి. హోటళ్లు పామాయిల్‌ను ఇష్టపడడానికి ధరతో పాటు ఈ నిలకడ కూడా కారణమే.

నెయ్యి సంగతి కొంత భిన్నం. వెన్నలో నీరు, పాల మాంసకృత్తులు ఉంటాయి కాబట్టి అది 150 డిగ్రీల దగ్గరే గోధుమరంగుకు తిరిగి మాడుతుంది. కాచి వడగట్టినప్పుడు ఆ రెండూ పోయి, అడుగున ఎర్రటి పొడి మిగిలి, పైన తేలిన నెయ్యి ఎక్కువ వేడిని తట్టుకోగలుగుతుంది. వనస్పతి చాలాకాలం నెయ్యికి చవక ప్రత్యామ్నాయంగా చలామణి అయింది. నూనెకు హైడ్రోజన్ ఎక్కించి గట్టిపరిచే ఆ పద్ధతిలో పుట్టే ట్రాన్స్ కొవ్వు గుండెజబ్బులకు దారితీస్తుందని రుజువయ్యాక, భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2022 జనవరి నుంచి నూనెల్లో, కొవ్వుల్లో దాని పరిమితిని 2 శాతానికి కుదించింది.

సకినాలు చేసే తీరును ఈ వెలుగులో పరిశీలిస్తే దాని వెనుక ఉన్న వివేకం తెలుస్తుంది. నానబెట్టిన బియ్యాన్ని తడిగానే పట్టించి, ఆ పిండిలో నువ్వులు, వాము, ఉప్పు కలిపి, పరిచిన శుభ్రమైన బట్ట మీద వేళ్లతో మెలితిప్పుతూ చుట్లు చుట్టి, బట్ట తేమను పీల్చుకునేదాకా ఆరనిచ్చి, విరగకుండా లేచివచ్చే దశలో తీసి మూకుడులో వేస్తారు. ఈ ఆరబెట్టడం సకినం ఆకారం చెడకుండా ఉండడానికే అనుకుంటారు గానీ, దానివల్ల నూనెలోకి వెళ్లే నీరు తగ్గి జలవిశ్లేషణ కూడా తగ్గుతుంది. తడి జారులో ముంచి వేసే మిర్చీలు అదే నూనెను సకినాలకన్నా త్వరగా పాడుచేస్తాయి. కారం, బెల్లం లేని పిండి కాబట్టి సకినం తెల్లగానే ఉండి వేగుతుంది, ఎర్రబడేదాకా ఉంచవలసిన అవసరం రాదు. పిండిపదార్థాలున్న వంటలు 120 డిగ్రీలు దాటిన పొడి వేడిలో ఎర్రబడేకొద్దీ అక్రిలమైడ్ అనే పదార్థం పుడుతుందని 2002లో స్వీడన్ శాస్త్రవేత్తలు గుర్తించినప్పటినుంచి, వేపుళ్లను లేత బంగారు రంగు దగ్గరే ఆపమని ప్రపంచమంతటా సలహా ఇస్తున్నారు.

వేపుడుకు కావలసిన వేడి 160 నుంచి 190 డిగ్రీల మధ్య ఉంటే చాలు. ఏ వంటకూ నూనె పొగ వచ్చేదాకా కాగవలసిన పని లేదు. చిటికెడు పిండిని వేసినప్పుడు అది అడుగునే ఉండిపోతే నూనె ఇంకా కాగలేదని, బుడగలతో నెమ్మదిగా తేలితే సరిపోయిందని, వేయగానే పైకెగిరి క్షణంలో ఎర్రబడితే మంట తగ్గించాలని తెలుసుకోవచ్చు. వేడి చాలకపోతే అప్పం నూనె పీలుస్తుందన్నది అందరికీ తెలిసినదే. పీల్చేదానిలో ఎక్కువ భాగం మూకుడులోంచి తీశాక జరుగుతుందన్నది కొందరికే తెలుసు. లోపలి ఆవిరి బయటికి తోస్తున్నంతసేపూ నూనె లోనికి చొరలేదు. బయటికి తీసి చల్లారుతున్నప్పుడు ఆవిరి ఒత్తిడి పడిపోయి, పైన అంటుకున్న నూనె రంధ్రాల్లోకి లాగబడుతుంది. అందుకే చిల్లుల గంటెను మూకుడు మీదే ఒకటి రెండుసార్లు గట్టిగా విదిలించి, వేడి చల్లారకముందే నూనె వోడ్చాలి. ఒకేసారి ఎక్కువ వేస్తే నూనె వేడి పడిపోతుంది కాబట్టి వాయివాయికీ కొన్నే వేయడం మేలు.

సర్వపిండి నూనె విషయంలో ఎంతో పొదుపైన వంట. సర్వ అనే గిన్నె లోపల నూనె రాసి, బియ్యప్పిండి ముద్దను అంచులదాకా అద్ది, అక్కడక్కడ వేలితో గుంటలు చేసి వాటిలో కొద్ది నూనె చుక్కలు వేసి, మూతపెట్టి సన్నమంట మీద ఉంచితే, మూత కింద నిలిచిన ఆవిరి పైభాగాన్ని ఉడికిస్తుంది, సర్వకు ఆనిన భాగం కరకరలాడుతుంది; ఆ కాస్త నూనె ఒక్కసారే కాగి, అప్పుడే తినబడుతుంది, మిగలదు.

మిగిలిన నూనె సమస్య అంతా మూకుడు వేపుడుదే. కాగిన నూనెలో పుట్టిన చెడు పదార్థాలన్నింటినీ కలిపి కొలిచే అంకెను మొత్తం ధ్రువ పదార్థాల శాతం అంటారు. అది 25 శాతానికి మించిన నూనెను వంటకు వాడరాదని 2018 జులై 1 నుంచి దేశమంతటా నిబంధన అమల్లో ఉంది. రోజుకు 50 లీటర్లకు మించి నూనె వాడే వ్యాపారులు వాడిన నూనె లెక్క రాయాలని 2019 మార్చి నుంచి షరతు కూడా వచ్చింది. వాడిన నూనెను సేకరించి బయోడీజిల్‌గా మార్చే రూకో పథకం 2018 ఆగస్టులో మొదలైంది. రోడ్డు పక్క మిర్చీల బండి ఆ 50 లీటర్ల లెక్కలోకి రాదు. అక్కడ కొనేవాడి కన్నే తనిఖీ అధికారి. నూనె నల్లగా, చిక్కగా ఉండి, మిర్చీ వేయకముందే నురగ కట్టి, పొగ లేస్తుంటే ఆ బండి దగ్గర కొనకపోవడమే మంచిది.

ఇంటికి హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ ఇచ్చే సలహా సరళమైనది: ఒకసారి వేపుడుకు వాడిన నూనెను వడగట్టి కూరల్లో వాడుకోవచ్చు గాని మళ్లీ వేపుడుకు కాచకూడదు, దాన్ని కూడా ఒకటి రెండు రోజుల్లోనే ముగించాలి. వడగట్టడం తప్పనిసరి, ఎందుకంటే అడుగున మిగిలిన పిండి రవ్వ తరువాతి కాకకు మాడి నూనెను పాడుచేస్తుంది. నిల్వ ఉంచిన పాత నూనెలో కొత్త నూనె కలిపితే పాతది బాగుపడదు, కొత్తది కూడా త్వరగా చెడుతుంది. ఇత్తడి, రాగి పాత్రలు ఆక్సీకరణను వేగిరపరుస్తాయి గనుక నూనె నిల్వకు స్టీలు డబ్బా సరైనది. వేసవిలో రామగుండం, ఆదిలాబాద్ పట్టణాల్లో 45 డిగ్రీల ఎండ కాసే రోజుల్లో పొయ్యి పక్కన గాజు సీసాలో ఉంచిన నూనె, వాడకముందే సగం వయసు కోల్పోతుంది. ప్రతి 10 డిగ్రీల పెరుగుదలకూ చెడే వేగం సుమారు రెట్టింపవుతుందని గుర్తుంచుకుంటే డబ్బాను చీకటిగా, చల్లగా ఉండే చోటికి మార్చాలనిపిస్తుంది.

మూకుడు అంటుకుంటే ఏం చేయాలో ఇంట్లో పిల్లలకు సైతం తెలిసి ఉండాలి. మండుతున్న నూనెలో నీళ్లు పోయకూడదు. అడుగుకు దిగిన నీరు తన పరిమాణానికి దాదాపు 1,700 రెట్ల ఆవిరిగా ఒక్కసారి ఉబికి, మండే నూనెను గదంతా చిమ్ముతుంది. గ్యాస్ ఆపి, లోహపు మూతను పక్కనుంచి జరిపి మూకుడు మీద కప్పి, పూర్తిగా చల్లారేదాకా తీయకూడదు; మూకుడును చేతపట్టుకుని బయటికి పరుగెత్తకూడదు.

సంక్రాంతికి ఐదు కిలోల డబ్బా కొని ఒకే మూకుడులో అన్ని అప్పాలూ చేసి, మిగిలిన నూనెను ఉగాదిదాకా నెట్టుకొచ్చే ఇళ్లు ఈసారి ఒక్క మార్పు చేసి చూడాలి: చిన్న మూకుడు పెట్టి, ముందుగా సకినాల వంటి ఆరిన పిండివంటలు, చివరగా తడి పిండివంటలు చేసి, తగ్గినకొద్దీ మాత్రమే కొత్త నూనె పోసుకుంటూ, ఆఖరికి గిన్నెడుకు మించి మిగలకుండా చూసుకోవాలి. ఆ గిన్నెడును కూరలకు రెండు రోజుల్లో వాడేసి, నల్లబడిన అడుగు నూనె ఏదైనా ఉంటే డ్రైనేజీలో పోయకుండా సీసాలో పట్టి పారేయాలి.